వేదికనెక్కిన కల – చిలకమర్తి వారూ, నేనూ

ఈ వార్షిక సంచికకు ఏదైనా వ్రాసి పంపమని విద్యార్థి సంఘం కార్యదర్శి గారు ఉత్తరం వ్రాస్తూ, వక్తృత్వంలో నా అనుభవాలైతే ఇప్పటి పిల్లలకు పనికొస్తాయని చివర ఒక ముక్క చేర్చారు. చదివి నవ్వుకున్నాను. నా వక్తృత్వ చరిత్ర మొత్తం కలిపితే ఒక పరాభవం, ఒక ద్వితీయ బహుమతి, పట్టిసీమ రేవు గట్టున అరగంట సేపు చేసిన ఒక అనువాదం. అంతే. అయితే ఈ మూడింటి వెనుకా ఒక పెద్దమనిషి ఉన్నారు. నేను పుట్టకముందే, 1946లోనే, ఆయన కన్ను మూశారు. అందుచేత నా సంగతి తగ్గించి చిలకమర్తి లక్ష్మీనరసింహం పంతులు గారి సంగతి వ్రాస్తాను. మధ్య మధ్య నేను అడ్డం వస్తే మన్నించాలి.

మాది పట్టిసీమ. పాపికొండల ఇరుకు దాటి వచ్చిన గోదారి అక్కడ ఒళ్ళు విరుచుకున్నట్టు వెడల్పవుతుంది. నడి ఏట్లో కొండ, కొండ మీద వీరేశ్వరస్వామి గుడి. శివరాత్రి తీర్థానికి రెండు గట్ల జనమూ పడవల మీద ఆ కొండకు చేరతారు. ఈ మధ్య ఎవరికైనా మా ఊరు పేరు చెబితే 2015లో మొదలైన ఎత్తిపోతల పథకం గుర్తుకు వస్తోంది గానీ, మా చిన్నప్పుడు పట్టిసీమ అంటే తీర్థమూ, రాజమండ్రి లాంచీలూనూ.

మా తాతయ్యకు రేచీకటి. పగలు అవతలి గట్టు మీద మేసే గేదెల్ని లెక్కపెట్టగలిగిన మనిషి, దీపాలు పెట్టే వేళకు ఇంటి గడప కోసం కాలితో తడుముకునేవారు. సాయంత్రం పూట ఆయన్ను రేవుకు తీసుకువెళ్ళి తీసుకురావడం నా ఉద్యోగం. ఊరికే చెయ్యి పట్టుకు నడిపిస్తే ఒప్పుకునేవారు కారు. కనిపించేదంతా చెబుతూ ఉండాలి. లాంచీ వచ్చిందా, ఎవరెవరు దిగారు, ఎవరి సంచి బరువుగా ఉంది, నీరు ఎర్రబడిందా, మెట్లు ఎన్ని మునిగాయి. ఏ సంగతి ముందు చెప్పాలో, ఏది వదిలెయ్యాలో తెలియక నేను తికమకపడితే చేతికర్రతో నేల మీద ఒక్క దెబ్బ కొట్టేవారు. మొదట్నుంచీ చెప్పమని దాని అర్థం. కల్పించి చెబితే మాత్రం గొంతును బట్టి పట్టేసేవారు.

అలాంటి సాయంత్రాల్లోనే ఆ పేరు విన్నాను. తాతయ్య కుర్రతనంలో రాజమండ్రిలో చదువుకున్నప్పుడు చిలకమర్తి వారు ఒక సభలో మాట్లాడగా విన్నారట. ఆయన ఏం చెప్పారో తాతయ్యకు అంతగా గుర్తు లేదు. తనకున్న జబ్బే ఆయనకూ ఉందనీ, అయినా చేతిలో కాగితం లేకుండా అంత సభనూ కదలకుండా కూర్చోబెట్టారనీ మాత్రం గుర్తు. పెద్దయ్యాక నేనూ అలా ఒక సభలో మాట్లాడాలనీ, అది తాను వినాలనీ ఆయన కోరిక. వింటూ వింటూ అది నా కోరిక కూడా అయింది.

చిలకమర్తి వారు పుట్టింది 1867 సెప్టెంబరు 26న, ఖండవల్లిలో. అది పశ్చిమ డెల్టాలో పచ్చని పల్లెటూరు. బాల్యం వీరవాసరంలోనూ, చదువు వీరవాసరం, నరసాపురం, ఆపైన రాజమండ్రిలోనూ సాగాయి. చూపు చిన్నప్పటి నుంచే తక్కువ. పొద్దు వాలితే దారి తెలియదు. తోటి పిల్లలు దీపం ముందు కూర్చుని పాఠాలు వల్లెవేసుకునే వేళకు ఈయనకు పుస్తకం మూతపడినట్టే. ఇవాళ రేచీకటి అనగానే ఏ విటమిను మాత్రలో గుర్తుకొస్తాయి. ఆ లోపం వల్ల వచ్చే రేచీకటికి మందుంది గానీ, లోపలి కంటిపొర క్రమంగా దెబ్బతింటూ వచ్చే రకం వేరే ఉంది. చిలకమర్తి వారి చూపు మాత్రం ఏళ్ళు గడిచేకొద్దీ తరుగుతూనే పోయింది, చివరికి పూర్తిగా ఆరిపోయింది.

రేచీకటి మనిషితో తిరిగినవాణ్ణి గనుక ఇక్కడొక మాట చెప్పగలను. చూపు తగ్గినవాళ్ళకు జ్ఞాపకశక్తి వరంగా వస్తుందని లోకం అంటుంది. వరమూ లేదు, ఏమీ లేదు. మళ్ళీ చూసుకునే వీలు లేదు కాబట్టి మొదటిసారే గట్టిగా పట్టుకుంటారు. మా తాతయ్య ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో ఎప్పుడూ తడుముకోలేదు, మేము మార్చి పెట్టినప్పుడు తప్ప. చిలకమర్తి వారు వృద్ధాప్యంలో చూపు లేని దశలో తన స్వీయచరిత్ర చెప్పి వ్రాయించారు. అరవై డెబ్భై ఏళ్ళ వెనకటి ఊళ్ళూ, మనుషులూ, ఇళ్ళూ అందులో వరసగా వస్తాయి. అక్కడక్కడ పేర్ల పట్టీలు కాస్త విసుగు పుట్టిస్తాయని ఒప్పుకోవాలి. అయినా ఆ పేర్లన్నీ తలలోంచే వచ్చాయని తలుచుకుంటే విసుగు కాస్తా ఆశ్చర్యంగా మారుతుంది.

ఆయన యౌవనం నాటి రాజమండ్రి మామూలు ఊరు కాదు. కందుకూరి వీరేశలింగం పంతులు గారు 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించారు. ఊరు రెండుగా చీలింది. ఒకరి మాట ఇంకొకరి చెవిన పడాలంటే సభ కావాలి, సభకు ఒక చోటు కావాలి. 1890లో వీరేశలింగం గారు టౌన్‌హాలు కట్టించారు. ఇప్పుడు మనకు ఉపన్యాసం అంటే అరిగిపోయిన సంగతి గానీ, ఆనాటికి అది కొత్త సరుకు. అంతకుముందు జనానికి తెలిసినవి పురాణ కాలక్షేపం, హరికథ, అవధానం. వాటిలో దేవుడి కథ ఉంది, పద్యం ఉంది, శ్రుతి ఉంది, తాళం ఉంది. ఇవేవీ లేకుండా ఒక మనిషి ఒంటరిగా నిలబడి, ఒట్టి వచనంలో, తన అభిప్రాయం ఇదీ అని చెప్పడం, ఎదురుగా కూర్చున్నవాళ్ళలో సగం మందికి అది గిట్టకపోవడం, అయినా వినేలా చెయ్యడం – ఇదీ ఉపన్యాసం. చిలకమర్తి వారి తరం ఈ విద్యను గురువు లేకుండా నేర్చుకుంది.

గురువు లేడంటున్నాను గానీ, ఆయనకు నాటకం గురువని నా నమ్మకం. చదువు ముగిసీ ముగియకుండానే తెలుగు పండితుడిగా ఉద్యోగం మొదలుపెట్టిన ఆ రోజుల్లో, రాజమండ్రిలో ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారు కుర్రాళ్ళను పోగుచేసి నాటకాలు ఆడిస్తున్నారు. వారి కోసం చిలకమర్తి వారు 1889లో కీచకవధ వ్రాశారు. తరువాత 1890 ప్రాంతంలో గయోపాఖ్యానం. అప్పటికి ఆయనకు ఇరవై మూడేళ్ళు. అంటే ఈ సంచిక చదువుతున్న మీలో చాలామంది వయసే. కృష్ణుడూ అర్జునుడూ ఒకరిమీద ఒకరు కత్తి దూసే ఆ నాటకం దశాబ్దాల పాటు ఆంధ్రదేశంలో పల్లె పల్లెలోనూ ఆడింది. పుస్తకం లక్ష ప్రతులకు పైగా అమ్ముడయిందని చెబుతారు. ఆ రోజుల్లో ఈయన నాటకాల్లో వేషాలు కట్టిన కుర్రాళ్ళలో ఒంగోలు నుంచి నాయుడు గారి వెంట చదువుకోసం వచ్చిన టంగుటూరి ప్రకాశం కూడా ఉన్నారు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయినది ఆ ప్రకాశం పంతులు గారే.

మైకులు లేని కాలం అది. పందిరి చివర నేల మీద కూర్చున్నవాడికి కూడా మాట స్పష్టంగా అందాలి. వాక్యం మరీ సాగితే నటుడికి ఊపిరి చాలదు. మరీ పొట్టిదైతే రౌద్రం పండదు. ఇలా కొలత వేసి మాటలు వ్రాసిన మనిషికి, సభలో తానే నిలబడి మాట్లాడవలసి వచ్చినప్పుడు ఏ మాట ఎంత దూరం పోతుందో వేరే చెప్పనక్కరలేదు కదా. పైగా ఎదుటివాళ్ళ ముఖాలు సరిగా కనపడని మనిషి. సభ వింటోందో లేదో ఆ సద్దుని బట్టే పోల్చుకోవాలి. ఇది నా ఊహే కావచ్చు. కాని మా తాతయ్య పక్కన కూర్చుని హరికథలు విన్నవాడిగా ఈ ఊహను వదులుకోలేకపోతున్నాను. దాసుగారు జావగారిపోతున్నారన్న సంగతి మా అందరికంటే ముందు తాతయ్యకే తెలిసేది. జనం దగ్గులు ఎక్కువవుతున్నాయనేవారు.

నవలల సంగతి త్వరగా చెప్పి ముందుకు పోతాను. న్యాపతి సుబ్బారావు పంతులు గారి పోషణలోని చింతామణి పత్రిక నవలల పోటీ పెడితే 1894లో రామచంద్రవిజయానికి ప్రథమ బహుమానం వచ్చింది. తరువాత హేమలత, అహల్యాబాయి, కర్పూరమంజరి, సౌందర్యతిలక వరసగా వచ్చాయి. టాడ్ దొర వ్రాసిన రాజపుత్రుల చరిత్రను రాజస్థాన కథావళిగా తెలుగు చేశారు. ఆంధ్రా స్కాట్ అని బిరుదు తెచ్చిపెట్టినవి ఇవే. చారిత్రక నవలలు ఇప్పుడు చదివితే నడక కొంచెం బరువుగా తోస్తుంది. గణపతి మాత్రం అలా కాదు. 1920లో వచ్చిన ఆ నవలలో పొట్టకూటి కోసం తంటాలు పడే ఒక మొద్దబ్బాయిని పట్టుకుని ఆయన నవ్వించిన తీరుకు ఇప్పటికీ వయసు రాలేదు. రేడియోలో నాటకంగా వచ్చినప్పుడు మా వీధిలో ఉన్న ఒకే ఒక రేడియో చుట్టూ జనం చేరేవారు. నవ్వు అయిపోయాక మాత్రం మనసులో ఏదో గుచ్చుకుంటుంది. ఆ దరిద్రం ఆయన ఎరిగినదే మరి.

మా పక్క ఊరు పోలవరం పేరు కూడా ఈ కథలో వస్తుంది. పోలవరం జమీందారు కొచ్చర్లకోట రామచంద్ర వేంకటకృష్ణారావు గారు సాహిత్యాభిమాని. ఆయన ఆదరణలో వెలువడిన సరస్వతి పత్రికతో చిలకమర్తి వారికి సంబంధం ఉంది. ఈ సంగతి తెలిసిన నాటి నుంచి పోలవరం బస్సెక్కినప్పుడల్లా నాకు లేనిపోని గర్వం. చెప్పొద్దూ, చిన్న ఊళ్ళవాళ్ళకు ఇలాంటి ఆధారాలు కావాలి.

ఇక అసలు ఘట్టం. 1905లో కర్జన్ బెంగాల్‌ను రెండు ముక్కలు చేశాడు. స్వదేశీ, బహిష్కారం, జాతీయ విద్య, స్వరాజ్యం అన్న మాటలు కలకత్తా నుంచి రైలెక్కి దక్షిణానికి వచ్చాయి. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ స్వయంగా వచ్చారు. మచిలీపట్నం కృష్ణాపత్రిక ముట్నూరి కృష్ణారావు గారు వెంట ఉండి ఆంధ్రదేశంలో పర్యటన నడిపించారు. విశాఖపట్నం, కాకినాడ వంటి పట్టణాల మీదుగా రాజమండ్రి చేరి, పాల్ గారు అక్కడ వరసగా కొన్ని రోజులు ఉపన్యాసాలిచ్చారు. ఆయన పేరు మీద రాజమండ్రిలో పాల్ చౌక్ అని ఒక కూడలి ఉంది. ఇవాళ అక్కడ ఆటోలు ఆపుకుని టీ తాగేవాళ్ళలో ఆ పాల్ ఎవరో ఎందరికి తెలుసునో గాని.

పాల్ గారు మహావక్త. కాని ఆయన మాట్లాడేది ఇంగ్లీషు. ప్లీడర్లకూ, కాలేజీ కుర్రాళ్ళకూ అర్థమవుతుంది. తక్కిన జనానికి ఆ గొంతులో ఆవేశం తెలుస్తుంది గానీ విషయం తెలియదు. ఆ ఇంగ్లీషును తెలుగు చేసి జనానికి అందించే బాధ్యత చిలకమర్తి వారి మీద పడింది. అప్పటికి ఆయనకు నలభై ఏళ్ళు నిండబోతున్నాయి.

ఆ పని ఎంత కష్టమో ఒక్కసారి ఆలోచించండి. వక్త ధోరణిలో పడ్డాక దుబాసీ కోసం ఆగడు. దుబాసీ కాగితం మీద వ్రాసుకుంటే కొంత నయం. రేచీకటి మనిషికి సాయంకాలం దీపాల వెలుగులో కాగితం ఎందుకూ కొరగాదు. కాబట్టి ఏ వాదం తరువాత ఏ వాదం వచ్చింది, ఏ ఉపమానం ఎక్కడ పడింది అన్నది తలలోనే నిలుపుకోవాలి. దానికి తగిన తెలుగు మాట అప్పటికప్పుడే వెతుక్కోవాలి. బహిష్కారం, స్వదేశీ అన్నవి కొత్త అర్థంతో నాలుకల మీదికి వస్తున్న రోజులవి. ఇంగ్లీషులో వక్తకు పడిన చప్పట్లకు తగ్గకుండా తెలుగులోనూ పడాలి, లేకపోతే సభ చల్లారిపోతుంది. ఆపైన సభలో రహస్య పోలీసులు ఉండనే ఉంటారు. ఇంగ్లీషు మాటకు బాధ్యుడు పాల్ అయితే తెలుగు మాటకు బాధ్యుడు ఈయనే. రేపు పాల్ గారు రైలెక్కి వెళ్ళిపోతారు. ఈయన ఈ ఊళ్ళోనే ఉండాలి.

ఆయన ఆ పని చేశారు. చేసి ఊరుకోలేదు. ఆ సందర్భంలో ఆయన ఆశువుగా చెప్పారని ప్రసిద్ధికెక్కిన ఒక పద్యం ఉంది. దేశాన్ని పాలిచ్చే పశువుగానూ, తెల్లదొరల్ని దాని పాలు పితుక్కునే నేర్పరులుగానూ చూపించి, ఇంటి బిడ్డల కడుపు మాడుతున్న సంగతి నాలుగు పాదాల్లో తేల్చేశారు. అందులో పాండిత్యం ఏమీ లేదు. పాడి ఉన్న ప్రతి ఇంటివాడికీ తెలిసిన దృశ్యం. గోదావరి జిల్లాల రైతుకు డ్రెయిన్ థియరీ అంతకంటే బాగా చెప్పినవాడు లేడని ఎకనామిక్స్ చదువుకున్న నేను ధైర్యంగా అనగలను. దాదాభాయి నౌరోజీ లెక్కలన్నీ ఆ నాలుగు పాదాల్లో ఇమిడిపోయాయి. ఇంగ్లీషు ఉపన్యాసాలు గ్రంథాల్లోకి వెళ్ళాయి. ఈ పద్యం తెలుగు నోళ్ళలో మిగిలిపోయింది.

తరువాత జరిగింది విద్యార్థి సంఘం సంచికలో తప్పకుండా చెప్పుకోవలసిన సంగతి. రాజమండ్రి కళాశాల విద్యార్థులు వందేమాతరం బిళ్ళలు ధరించి తరగతులకు వెళ్ళారు. మార్క్ హంటర్ అన్న ఆంగ్లేయుడు అప్పటి ప్రిన్సిపాల్. బిళ్ళలు తియ్యమన్నాడు. తియ్యలేదు. శిక్షలు పడ్డాయి, సమ్మె జరిగింది, చాలామంది కాలేజీకి దూరమయ్యారు. ఉపాధ్యాయ శిక్షణలో ఉన్న గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని వెళ్ళగొట్టారు. మరుసటి ఏడు ఆయన బెజవాడలో స్వరాజ్య పత్రికలో వ్రాసిన వ్రాతకు జైలుకు కూడా పోయారు. ఒక వారం ఉపన్యాసాల పర్యవసానం ఇది. ఆ ఉపన్యాసాల తెలుగు గొంతు చిలకమర్తి వారిది. ఎవరి చదువు పోయిందో, ఎవరి ఉద్యోగం రాకుండా పోయిందో ఆయన ఎరగనివాడు కాదు. వాళ్ళు ఆయన ఊరివాళ్ళూ, శిష్యులూ, శిష్యుల తమ్ముళ్ళూనూ.

ఇక్కడ ఒక ప్రశ్న నన్ను చాలాకాలం వేధించింది. పిల్లల్ని రెచ్చగొట్టే మాట చెప్పినవాడి బాధ్యత ఎంతవరకు? చిలకమర్తి వారు దీనికి వేదిక మీద సమాధానమేదైనా చెప్పారేమో నేనెరగను గానీ, చేసిన పనులు కనిపిస్తాయి. వేదిక దిగి ఊరుకోలేదు. పత్రికలు నడిపారు – మనోరమ, దేశమాత. 1909లో రాజమండ్రిలో హరిజన బాలల కోసం రామమోహన పాఠశాల పెట్టారు. బ్రహ్మసమాజాభిమాని గనుక రామమోహనరాయల పేరు పెట్టుకున్నారు. పుట్టింది బ్రాహ్మణ కుటుంబం. ఆ రోజుల్లో అంటరానివారి పిల్లలకు బడి అంటే ఇంటి చుట్టాలే గుమ్మం తొక్కరు. వందేమాతరం అంటే చప్పట్లు కొట్టిన జనంలో ఈ బడికి చప్పట్లు కొట్టినవాళ్ళు ఎందరుంటారు? నా దృష్టిలో 1907 కంటే 1909 గొప్పది. మా లెక్చరరు గారు దీనికి ఒప్పుకునేవారు కాదు. రెండూ ఒకే నోటి నుంచి వచ్చినవేనని ఆయన వాదన.

లెక్చరరు గారంటే జ్ఞాపకం వచ్చింది. నా పరాభవం సంగతి చెప్పాలి కదా. వాల్తేరు రాకముందు డిగ్రీ చదివిన కాలేజీలో వక్తృత్వ పోటీకి పేరిచ్చాను. అంశం జాతీయ సమైక్యత. పదకొండు పేజీలు వ్రాసి బట్టీ పట్టాను. గోదారి గట్టున నిలబడి కొండ మీది గుడి వైపు తిరిగి అరిచి అరిచి చెప్పుకున్నాను. తాతయ్య విని, అంతా బాగానే ఉంది గానీ ఇందులో నువ్వు చూసింది ఏదీ లేదేమిటన్నారు. నాకు కోపం వచ్చింది. పోటీ నాడు వేదికెక్కి, అధ్యక్షుల వారికీ న్యాయనిర్ణేతలకూ నమస్కారాలు చెప్పి, రెండు వాక్యాలు చెప్పాను. మూడోది రాలేదు. నాలుగోది వచ్చింది గానీ మూడోది లేకుండా నాలుగోది ఎలా చెప్పడం? మైకులో నా ఊపిరి నాకే వినపడింది. దిగిపోయాను.

ఆ సాయంత్రం మా తెలుగు లెక్చరరు గారు పిలిచి, ఏమీ అనకుండా గ్రంథాలయం నుంచి చిలకమర్తి వారి స్వీయచరిత్ర తీసి నా పేరున వ్రాయించి ఇచ్చారు. సెలవుల్లో దాన్ని పట్టిసీమ పట్టుకెళ్ళాను. తాతయ్యకు అప్పటికి పగటి చూపు కూడా మందగించింది. రోజుకు ఇరవై పేజీల చొప్పున పైకి చదివి వినిపించాను. సాయంత్రం చీకటి పడ్డాక, పొద్దున చదివింది పుస్తకం లేకుండా మళ్ళీ చెప్పమనేవారు. నేను చెబుతుంటే పుస్తకంలో ఉన్నది నా నోట వేరుగా వచ్చేది. వేరుగా వచ్చినా కర్ర చప్పుడయ్యేది కాదు. పుస్తకం పూర్తయ్యేసరికి బట్టీ పట్టడం అన్న రోగం నాకు తెలియకుండానే వదిలింది.

1980లో వాల్తేరు వచ్చాను. ఆ చలికాలంలోనే తాతయ్య పోయారు. మరుసటి ఏడు విద్యార్థి సంఘం వారి పోటీలో పేరు పిలిచాక చీటీ తీసి అయిదు నిమిషాల్లో మాట్లాడమన్నారు. నా అభిమాన పురుషుడు అని వచ్చింది. ఆలోచించుకోవలసిన పని లేకపోయింది. చిలకమర్తి వారి గురించి, చీకటి పడితే దారి తెలియని మనిషి వేలమంది ముందు నిలబడి ఇంకొకరి మాటను తెలుగు చెయ్యడం గురించి, నాకు తెలిసిన ఒక ముసలాయన గురించి చెప్పాను. ద్వితీయ బహుమతి ఇచ్చారు. ప్రథమ బహుమతి వచ్చిన అమ్మాయి నిజంగానే నాకంటే బాగా మాట్లాడింది. హాల్లో కూర్చున్నవాళ్ళలో వినవలసిన మనిషి లేడు. బహుమతిగా వచ్చిన పుస్తకం మీద ఆయన పేరు వ్రాసి ఇంట్లో పెట్టాను.

మన విశ్వవిద్యాలయానికీ చిలకమర్తి వారికీ ఉన్న ముడి కూడా ఇక్కడే చెబుతాను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారు 1943లో ఆయనకు కళాప్రపూర్ణ బిరుదం ఇచ్చి గౌరవించారు. డెబ్భై అయిదు దాటిన వయసు. అప్పటికి లోకం ఆయన్ను ఆంధ్రా మిల్టన్ అంటోంది. ఇది చూపు పోయినందుకు ఇచ్చిన పేరు. మిల్టన్ వ్రాసిన రకం కావ్యం ఈయన వ్రాయలేదు. పోల్చదలిస్తే చూపు పోయాక ఇంకొకరి చేత వ్రాయిస్తూ పని ఆపకపోవడంలో పోల్చాలి. భాసుడి నాటకాలను తెలుగు చేసినా, స్వీయచరిత్ర చెప్పినా ఆ పట్టుదల కనిపిస్తుంది. 1946 జూన్ 17న రాజమండ్రిలో కన్ను మూశారు. ఏడాదీ రెండు నెలలూ ఉంటే స్వాతంత్ర్యం చూసేవారని చరిత్రకారులు సరదాగా లెక్క కడతారు. వినేవారు అనాలి.

ఇక నా మూడో సంగతి. 1986 ఆగస్టులో గోదారికి వచ్చిన వరద మా ప్రాంతం వాళ్ళెవరూ మరిచిపోలేరు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. మా రేవు మెట్లు సరే, రేవు ఎక్కడుందో తెలియలేదు. మట్టి గోడలు కరిగిపోయాయి. గొడ్లు కొట్టుకుపోయాయి. నేను ఉద్యోగానికి సెలవు పెట్టి ఊరికి వచ్చాను. నీరు తీశాక ఎక్కడో ఉత్తరాది నుంచి ఒక డాక్టరు గారూ, ఇద్దరు సహాయకులూ లాంచీలో మందులూ దుప్పట్లూ తెచ్చారు. ఆయనకు ఇంగ్లీషు, హిందీ తప్ప రావు. ఊరివాళ్ళు గట్టున పోగయ్యారు. ఎవరు అనువదిస్తారంటే, కాలేజీలో బహుమతి వచ్చిందన్న పాపానికి నన్ను ముందుకు తోశారు.

డాక్టరు గారు నీళ్ళు కాచుకు తాగమని, బిళ్ళ ఎలా వెయ్యాలో, విరేచనాలు పడితే పసిపిల్లలకు ఏం పట్టాలో చెప్పారు. తెలుగు చెయ్యడం అంత కష్టం కాలేదు. కష్టమైంది రెండో సగం. ఊరివాళ్ళు చెప్పడం మొదలుపెట్టారు. ఒకాయన గేదె పోయిందన్నాడు. దానికి ఇంగ్లీషు ఒక్క మాట. కాని ఆయన చెబుతున్నది ఒక్క మాట కాదు. ఆ గేదె పాల డబ్బుతో కూతురి పెళ్ళి అప్పు తీరుతోందన్నది అందులో ఉంది. ఇంకొకామె గింజ పోయిందంది. తిండి గింజ కాదు, విత్తనపు గింజ. ఏది ముందు చెప్పాలి, ఏది వదిలితే అన్యాయమవుతుంది? మధ్యలో తప్పు చెప్పానని నాకే తెలిసి ఒకసారి ఆగిపోయాను. నేల మీద కర్ర చప్పుడు వినిపించినట్టయింది. మొదట్నుంచీ మళ్ళీ చెప్పాను. డాక్టరు గారు తలూపుతూ వ్రాసుకున్నారు. విత్తనాల సంగతి పై అధికారులకు తానే చెబుతానన్నారు. కొన్ని బస్తాలు వచ్చాయి కూడా, అందరికీ చాలలేదు గానీ.

అంతా అయి జనం విడిపోతుంటే దుప్పటి కప్పుకున్న ఒక ముసలమ్మ నా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుని, నేనెవరి తాలూకు అని అడిగింది. తాతయ్య పేరు చెప్పాను. ఆమె నా ముఖం వంక చూడలేదు. చూపు ఆనుతున్నట్టు లేదు. గొంతు విని పోల్చుకున్నానంది. రోజూ సాయంత్రం ఆయన వెంట లొడలొడ వాగుతూ పోయే కుర్రాడివి నువ్వే కదూ అని అడిగి, ఇప్పుడు రేవులో ఏం కనిపిస్తోందో చెప్పమంది. లాంచీ తాడు విప్పుతున్నారనీ, నీరు ఇంకా ఎర్రగానే ఉందనీ, పై నుంచి నాలుగు మెట్లు తేలాయనీ చెప్పాను.